సంస్థను మార్చుటయా, మానుటయా?

ప్రతి సంవత్సరమును మన పాఠశాల సంచికకు నేను వ్యాకరణమునుగూర్చియో, పద్యపఠనమునుగూర్చియో రెండు పుటలు వ్రాసి యిచ్చుట వాడుక. ఈ సారి సంపాదకులు వ్యాసము నడిగినప్పుడు నా మనస్సులో సంధులు లేవు, సమాసములు లేవు. ఒక పాత చేతిఫోను మాత్రమే యుండెను. దానివలన నాకు కలిగిన కష్టమును, ఆ కష్టములో నేను చేయబోయిన తొందరపనిని, చేయకుండ నిలిచిన విధమును వ్రాసెదను. విషయము స్వల్పమని చదువరులు నవ్వకుందురుగాక. ఈ దినములలో ఫోను లేని యిల్లు మన విద్యార్థులలో దాదాపుగా లేదు. కావున నా అనుభవము ఎవరికైనను ఒకనాడు పనికి రావచ్చును.

నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని 2007వ సంవత్సరము జూన్ నెలలో ఈ పాఠశాలలో చేరితిని. మొదటి జీతముతో ఒక చేతిఫోనును, ఒక సిమ్మును కొంటిని. నాటినుండి నేటివరకు ఆ పది అంకెలే నా నంబరు. ఫోనులు మూడు మారినవి గాని నంబరు మారలేదు. తరగతి ఉపాధ్యాయునిగా ప్రతి జూన్ నెలలోను ఆ నంబరును నల్లబల్లపై వ్రాసి, "మీ అమ్మానాన్నలకు ఇండు" అని పిల్లలతో చెప్పుచుంటిని. పదునెనిమిది సంవత్సరములలో ఎన్ని యిండ్ల గోడలమీద, ఎన్ని పుస్తకముల అట్టలమీద ఆ అంకెలు వ్రాయబడెనో నేనెరుగను. మనదేశమున చేతిఫోనులో మొదటి సంభాషణ 1995వ సంవత్సరము జూలై 31వ తేదీని జరిగెను. పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రియైన జ్యోతి బసుగారు కలకత్తానుండి ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రాంగారితో మాటలాడిరి. నాడు మంత్రులకు మాత్రమే తగినదిగా తోచిన వస్తువు నేడు మిరపకోతకు పోవు కూలివాని రొంటిలో నున్నది. కాబట్టి ఉపాధ్యాయుని నంబరు ఉపాధ్యాయునిది మాత్రమే కాదు.

2024వ సంవత్సరము డిసెంబరు నెలలో నేను చేరియున్న సంస్థవారు ఒక ప్రకటన పంపిరి. మా ప్రాంతమున మూడవ తరపు వలను, అనగా 3జీని, క్రమముగా నిలిపివేసి దాని స్థానమున నాలుగవ తరపు వలను విస్తరింపజేయుదుమనియు, పాత సిమ్ములు గలవారు వచ్చి క్రొత్తవి తీసికొనవలెననియు, పాత ఫోనులు పనిచేయునో లేదో పరీక్షించుకొనవలెననియు దాని సారాంశము. అట్టి సందేశములు మూడు వచ్చెను. అవి వ్యాపారపు ప్రకటనలని తలంచి మూటిని చెరిపివేసితిని. ఈ సంగతిని నేను ముందుగానే ఒప్పుకొనుచున్నాను. ఏలయనగా తరువాత నేను పడిన కోపములో ఇది నాకు జ్ఞాపకము రాలేదు.

వలను ఏల మార్చుదురో విద్యార్థులకు తెలియుటకు ఒక ఉపమానము చెప్పెదను. నాగార్జునసాగరు కుడికాలువ నీరు మన పల్నాటి పొలములకు వచ్చుచున్నది. కాలువలోని నీరు మితము. క్రొత్త మడికి నీరు పారవలెననిన పాత తూమును కొంత మూయవలెను. అట్లే ప్రతి ఫోను సంస్థకును ప్రభుత్వమువలన లభించిన రేడియో తరంగముల భాగము మితమైనది. అందులో కొంత 2జీకి, కొంత 3జీకి, కొంత 4జీకి పంచియుందురు. అదే భాగములో 3జీకంటె 4జీ ఎక్కువ మందికి ఎక్కువ వేగముతో సేవ చేయగలదు. కావున 3జీ తూమును మూసి ఆ భాగమును 4జీకి విడుతురు. ఇది న్యాయమైన పనియే. ఐనను తూము మూసినదినమున పాత మడి యెండును. పాత మడిలో నున్నవారిలో నేనొకడను.

2025వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీ, గురువారము రాత్రి. వసతిగృహమందలి తొమ్మిదవ తరగతి బాలునికి సాయంకాలము జ్వరము తగిలెను. వార్డెనుగారును నేనును వానిని ఆస్పత్రికి తీసికొనిపోయితిమి. డాక్టరుగారు చూచి మందిచ్చిరి. పదిగంటలకు జ్వరము దిగి బాలుడు నిద్రించెను. నేనును నా గదికి వచ్చి ప్రార్థన చేసికొని పండుకొంటిని. ఫోను తలాపిననే యుండెను, ఒక్కమారైనను మ్రోగలేదు.

తెల్లవారుజామున తలుపు తట్టిన చప్పుడు వినబడెను. తీసి చూడగా ఆ బాలుని తండ్రి నిలిచియుండెను. తలగుడ్డమీదను కనుబొమలమీదను ఎఱ్ఱని మిరపదుమ్ము. ఆయన భార్యతోకూడ దూరపు ఊరిలో మిరపకోతకు పోయియున్నాడు. "నీ కొడుకును ఆస్పత్రికి తీసుకుపోయినారంట" అని వారి యూరి కుఱ్ఱవాడొకడు రాత్రి తొమ్మిదింటికి ఫోనులో చెప్పెనట. అప్పటినుండి అర్ధరాత్రివరకు నాకు పదునొకండు మారులు ఫోను చేసెనట. ప్రతిమారును "మీరు పిలిచిన చందాదారుడు అందుబాటులో లేడు" అను మాటయే. బస్సులు లేవు. గుంటూరు యార్డునకు మిర్చి టిక్కీలు వేసికొనిపోవు లారీ నొకదానిని బ్రతిమాలి, టిక్కీలపై కూర్చుండి, మన కూడలివద్ద దిగి, అక్కడినుండి నడచి వచ్చెను.

ఆయనను వసతిగృహమునకు తీసికొనిపోయితిని. కొడుకు సుఖముగా నిద్రించుచుండుట చూచి, లేపక, ప్రక్కన నేలమీద కూర్చుండెను. నన్ను ఒక్క పరుషవాక్యమైనను అనలేదు. రెండు దినముల కూలి పోయినదికదా యని నేను కొంత సొమ్ము ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. "వార్డెనుగారి నంబరు మీయొద్ద లేదా?" అని యడిగితిని. ఆయన చెప్పిన మాటలు ఆయన పలికినట్లే వ్రాయుచున్నాను: "కాయితం గుడిసెలో పెట్టా అయ్యగారూ, వానకు తడిసిపోయింది. నాకు చదవటం రాదు గదా. పెద్దోడు మీ కాడ చదివినప్పట్నుంచి మీ నెంబరు ఒక్కటే నోటికొచ్చింది. దాన్ని మాత్రం మార్చబాకండి."

అక్షరము రాని ఆ తండ్రి పది అంకెలను వల్లెవేసి, నా నంబరును తన మనస్సులో వ్రాసికొనియున్నాడు. అవసరమువచ్చిన ఒక్క రాత్రి ఆ నంబరు మూగదయ్యెను. ఆయన కోపపడియుండిన నా మనస్సు కొంత తేలికపడియుండును. కోపపడకపోవుటవలన ఆ కోపమంతయు నాలో పుట్టి, సంస్థవారిమీదికి మరలెను.

శుక్రవారము ఉదయమున, సిమ్ము చెడినదేమోయని దానిని ఊడదీసి తుడిచితిని. అది పెద్ద సిమ్మును కత్తిరించి చిన్నదిగా చేసినది. వ్రేలితో నొక్కగానే పెళుకున విరిగెను. వెంటనే దుకాణమునకు పోయి, ఆధారు చూపి, పాత నంబరుతోనే క్రొత్త సిమ్ము తీసికొంటిని. సాయంకాలమునకు అది పనిచేయసాగెను గాని ఇరువదినాలుగు గంటలవరకు సందేశములు పోలేదు, రాలేదు. ఇది దోషము కాదు, నిబంధన. దొంగలు ఇతరుల పేరిట సిమ్ము మార్పించుకొని, బ్యాంకు ఓటీపీలను పట్టుకొని సొమ్ము అపహరించుచుండుటచేత ఈ కట్టడి చేసిరి. శని ఆదివారములు గడచినను నా గదిలో పిలుపులు కొన్ని వచ్చుచు, కొన్ని రాకయు నుండెను. సోమవారము మధ్యాహ్నము విరామవేళ ఇక సహింపలేక, ఆ సంస్థను విడిచి వేరొక సంస్థకు పోవ నిశ్చయించితిని.

నంబరు మార్చకయే సంస్థను మార్చు సదుపాయము మనదేశమున 2010వ సంవత్సరము నవంబరు 25వ తేదీని హర్యానాలో మొదలై, 2011వ సంవత్సరము జనవరి 20వ తేదీని దేశమంతటికిని వచ్చెను. 2015వ సంవత్సరము జూలై 3వ తేదీనుండి ఒక సర్కిలు వదలి మరియొక సర్కిలునకు పోయినను నంబరు నిలుపుకొనవచ్చును. దీనినే పోర్టు చేయుట యందురు. పోర్టు అను మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, కొంచెము ఖాళీ విడిచి, తన నంబరును చేర్చి 1900 నంబరునకు సందేశము పంపినయెడల ఎనిమిది అక్షరములును అంకెలును గల సంకేతము వచ్చును. దానిని క్రొత్త సంస్థవారికిచ్చిన తక్కిన పని వారే చేయుదురు.

నేనును అట్లే పంపితిని. కొన్ని నిమిషములలో జవాబు వచ్చెను: సంకేతము ఇయ్యబడదు! కారణము, సిమ్ము మార్చి ఏడు దినములు కాలేదు. పోయిన లేక చెడిపోయిన సిమ్మునకు మారు తీసికొన్నవారు ఏడు దినములవరకు పోర్టు చేయరాదను నియమమును టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ వారు 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలుపరచిరి. ఇదియు దొంగలకు అడ్డుకట్టయే. ఐనను ఆ క్షణమున నాకు అది నాకే వేసిన సంకెలవలె తోచెను. తరువాత విచారింపగా, నా కోపమునకును నా చేతికిని నడుమ ఆ నియమము ఒక వారము దూరము పెట్టినదని తెలిసెను. అది నాకు మేలే చేసెను.

ఆ వారములో తోటి ఉపాధ్యాయులు తలకొక సలహా చెప్పిరి. గణితోపాధ్యాయులు తాము రెండేండ్లక్రిందనే మారి సుఖముగా నున్నామనిరి. డ్రిల్లు మాష్టరుగారు, "పొరుగింటి పుల్లకూర రుచి, అన్ని సంస్థలు నొక్కటియే" యని నవ్విరి. ఎవరి మాట వారి అనుభవమునుబట్టి నిజమే. అయితే వారెవ్వరును ప్రతి శనివారము సాయంకాలము నాగులేటి యొడ్డున మా అమ్మయున్న పల్లెకు పోవువారు కారు. ఆమెకు డెబ్బది దాటినవి, మోకాళ్ల నొప్పులు. శని ఆదివారములు నేను అక్కడనే యుందును. అప్పుడును పిల్లల తలిదండ్రులు నన్ను పిలుచుచుందురు. కావున నాకు పట్టణములో మ్రోగిన చాలదు, పల్లెలోను మ్రోగవలెను.

మంగళవారమునాడు నా పూర్వవిద్యార్థి యొకడు పరీక్షా ధ్రువపత్రపు పనిమీద పాఠశాలకు వచ్చెను. అతడు టవరులను మరమ్మతుచేయు పనిలో నున్నాడు. నా కథనంతయు విని నా ఫోనును చేతికి తీసికొని, అటునిటు త్రిప్పి, వినయముగా నిట్లనెను: "మాస్టారూ, టవరు తప్పు కొంత ఉన్నది. కాని ఈ ఫోను తప్పు ఎక్కువ ఉన్నదండీ." నేను విస్మయపడితిని. అతడు వివరించిన దేమనగా: నా ఫోను 2015 నాటిది. అది 4జీలో ఉత్తరములను, చిత్రములను తెచ్చును గాని మాటను మోయలేదు. 4జీ వలమీద మాటను మోయుటకు వోల్టీ యను ఏర్పాటు ఫోనులో ఉండవలెను. నా దానిలో అది లేదు. ఎవరైనను పిలిచినప్పుడు నా ఫోను 4జీని విడిచి 3జీకి దిగి ఆ పిలుపును అందుకొనుచుండెను. ఇప్పుడు 3జీ మెట్టు తీసివేయబడెను. కావున ఇంకను క్రిందనున్న 2జీవరకు దిగవలెను. మా పాఠశాలవైపు 2జీ బలహీనము. దిగులోపల పిలుపు తప్పిపోవును. పిలిచినవారికి "అందుబాటులో లేడు" అని వినబడును.

"అయితే సంస్థ మారినచో?" అని యడిగితిని. "మీరు పోదలచిన సంస్థకు 2జీయు లేదు, 3జీయు లేదు మాస్టారూ. ఈ ఫోనుతో అక్కడికి పోతే అసలు మ్రోగదు" అనెను. నేను మౌనము వహించితిని. సోమవారము ఆ సంకేతము వచ్చియుండినయెడల, ఒక రాత్రి మూగబోయిన నంబరును నా చేతులార బొత్తిగా మూగదానినిగా చేసియుందును. దూరపు కొండలు నునుపను సామెతను పిల్లలకు ఎన్నిమారులో బోధించిన నేను కొండదగ్గరకు పోయి చూడకయే ప్రయాణమునకు మూట కట్టితిని.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి, ఖర్చు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు సెలవిచ్చిన ఉపమానము ఆ రాత్రి జ్ఞాపకమునకు వచ్చెను. ఎన్నిమారులో చదివిన భాగమది. టవరు విషయములో అది నాకే వర్తించునని తలంపలేదు. మరునాడు లెక్క మొదలుపెట్టితిని. గణితోపాధ్యాయులు తమ ఫోనును వాడుకొనుటకు దయతో ఇచ్చిరి. అది రెండు సిమ్ములు పట్టునది, వోల్టీ గలది. ఒకదానిలో వారి సంస్థ సిమ్ము, రెండవదానిలో నా సిమ్ము. తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు సహాయకులు. నా గది, ఉపాధ్యాయుల గది, వసతిగృహపు వరండా, దేవాలయము ముంగిలి, ఆస్పత్రి ద్వారము, బస్సుస్టాండు, ఈ ఆరు చోట్లను ఏర్పరచితిమి. ఒక్కొక్కచోట ఉదయము, మధ్యాహ్నము, రాత్రి పాఠశాల ఫోనునుండి పిలిచి, మ్రోగెనా లేదా యని నోటుపుస్తకములో వ్రాసితిమి. మ్రోగినచో ఒకటి, మ్రోగనిచో సున్న. నడిమి మాట లేదు.

ఆరు చోట్ల మూడేసి మారులు, మొత్తము పదునెనిమిది పిలుపులు. అంతకుముందు రెండు దినములు నా పాత ఫోనులో నా సిమ్ముతో ఇదే పరీక్ష చేసియుంటిని. పదునొకండు మాత్రమే మ్రోగెను. క్రొత్త ఫోనులో అదే నా సిమ్ముతో పదునేడు. వారి సంస్థ సిమ్ముతో పదునెనిమిదియు మ్రోగెను. వారి సిమ్మును నా పాత ఫోనులో పెట్టి చూడగా ఒక్కటియు మ్రోగలేదు. పూర్వవిద్యార్థి చెప్పినది సత్యమని తేలెను. పట్టణమువరకు చూచిన వారి సంస్థయే మేలు, తేడా మాత్రము ఒక్కటి.

శనివారము సాయంకాలము ఆ ఫోనుతో పల్లెకు పోయితిని. మా యిల్లు నాపరాళ్ల గోడలది. పైన కూడ నాపరాళ్లే. అట్టి గోడలు తరంగములను చాలవరకు ఆపును. అందులోను పొట్టి తరంగములు గోడ చొచ్చుకొనిపోవుటలో పొడుగు తరంగములకంటె బలహీనములు. 900 మెగాహెర్ట్జుల తరంగము నిడివి ఇంచుమించు 33 సెంటీమీటర్లు. 2100 మెగాహెర్ట్జుల దాని నిడివి 14 సెంటీమీటర్లు మాత్రమే. కాన పల్లెటూళ్లలో, దళసరి గోడల యిండ్లలో, ఏ సంస్థ టవరు ఏ తరంగమును వాడుచున్నదో దానినిబట్టి ఫలితము మారును. పత్రికలోని ప్రకటన ఇంటి గోడ నెరుగదు.

ఇంటిలోపల, వాకిట, రచ్చ చింతచెట్టుక్రింద, దేవాలయమువద్ద, నాలుగు చోట్ల శనివారము రాత్రి ఒకమారును ఆదివారము ఉదయము ఒకమారును, మొత్తము ఎనిమిది పిలుపులు. వార్డెనుగారు పట్టణమునుండి పిలిచిరి. నా సిమ్ము ఆరు మారులు మ్రోగెను. ఇంటిలోపల మాత్రము రెండుమారులును మ్రోగలేదు. రెండవ సంస్థ సిమ్ము చింతచెట్టుక్రింద రెండుమారులు మ్రోగెను. తక్కిన మూడు చోట్లను మ్రోగలేదు. చేతిలో రెండు ఫోను గుర్తులు చూచుకొనుచు చీకటిలో చింతచెట్టు చుట్టును తిరుగుచున్న నన్ను చూచి అమ్మ, "ఏంది నాయనా, పోయిన దూడను ఎతుకుతున్నట్టు తిరుగుతున్నావు?" అని యడిగెను. సంగతి చెప్పితిని. ఆమె విని, "ఆ పిలగాడి నాయన ఫోను చేసిందాకా మన ఫోను సంగతి మనకు తెలియలేదు చూడు" అని మాత్రమే అనెను. నేను సంస్థను తప్పుపట్టుచుంటిని. ఆమె "మన ఫోను" అనెను. ఆ ఒక్క పదము నన్ను సరిదిద్దెను.

ఆదివారము రాత్రి పట్టణమునకు తిరిగివచ్చి, ఏడు దినములు నిండినవి గనుక పోర్టు సందేశము పంపుటకు స్వేచ్ఛ గలవాడనై, నోటుపుస్తకమును ముందుంచుకొని కూర్చుంటిని. నాకున్న మార్గములు మూడు. సంస్థను మాత్రమే మార్చుట: అది వ్యర్థమని తేలినది. ఫోనును, సంస్థను రెంటిని మార్చుట: పట్టణమున పదునెనిమిది, పల్లెలో రెండు. ఫోనును మాత్రమే మార్చుట: పట్టణమున పదునేడు, పల్లెలో ఆరు. మిత్రులొకరు నాలుగవ మార్గముగా రెండు సిమ్ములు పెట్టుకొమ్మనిరి. అది కొందరికి మంచిదే. కాని రెండవ సిమ్మునకు వేరొక నంబరుండును. ఆ తండ్రి నోట నున్నది మొదటిదే. పైగా 2024వ సంవత్సరము జూలై నెలలో పెద్ద ప్రైవేటు సంస్థలు ధరలు పెంచిన తరువాత, నెలనెలకు రెండు రీచార్జీలనిన అల్పవేతనులకు భారమే.

కావున సంస్థను మార్చక, ఫోనును మార్చ నిశ్చయించితిని. క్రిస్మసు నాటినుండి పుస్తకముల బీరువాకై కూడబెట్టిన తొమ్మిదివేల రూపాయలు అందుకు పోయెను. పుస్తకములు ఇంకను కొంతకాలము పెట్టెలోనే యుండవలసివచ్చెను. సంస్థవారికి నాలో నేనొక గడువు పెట్టితిని: మార్చి 31వ తేదీవరకు చూతును, పాఠశాలయందలి పిలుపులు మరల తప్పిన, కోపముతో గాక లెక్కతో విడిచిపోదును. ఆ మాటను దినచర్య పుస్తకములో వ్రాసి సంతకము చేసితిని.

అంతటితో పని ముగియలేదు. ఎంత మంచి ఫోనైనను, ఎంత మంచి సంస్థయైనను, ఒకానొక రాత్రి తప్పవచ్చును. అసలు లోపము, ఇందరు తలిదండ్రుల నమ్మకమును ఒకే తీగెకు వ్రేలాడదీయుటలో నుండెను. కావున రెండు పనులు చేసితిని. మొదటిది: నా ఫోను అందుబాటులో లేనప్పుడు వచ్చు పిలుపు తనంతట వసతిగృహపు ఫోనునకు పోవునట్లు సేవాకేంద్రమువారిచేత ఏర్పాటు చేయించితిని. ఇట్టి మళ్లింపు ఉన్నదని నాకు అంతకుముందు తెలియనే తెలియదు. పిలుచువాడు అదే పది అంకెలు నొక్కును. నేను దొరకనియెడల వార్డెనుగారు పలుకుదురు. రెండవది: ఆ బాలుని పిలిచి, "నీ తండ్రికి వసతిగృహపు నంబరునుకూడ కంఠపాఠము చేయించుట నీ పని, ఇది నీ తెలుగు పరీక్షలో ఒక భాగము" అని చెప్పితిని. వాడు ప్రతి ఆదివారము సాయంకాలము ఫోనులో తండ్రికి పాఠము చెప్పుచుండెను. రెండేసి అంకెలుగా విరిచి, ఎక్కములవలె రాగము తీసి చెప్పించెను. మూడు వారములకు తండ్రి తప్పులేకుండ ఒప్పజెప్పెను. తరువాత వాడే, "పదంకెలు వచ్చినప్పుడు, అక్షరాలు రావా నాన్నా?" అని యడిగి, కోతలు ముగిసి ఇంటికి వచ్చిన తండ్రిచేత వేసవిలో సంతకము నేర్పించెను. జూన్ నెలలో ప్రగతిపత్రముమీద ఎప్పుడును వ్రేలిముద్ర యుండుచోట వంకరటింకరగా ఒక పేరు కనబడెను. ఈ కథలో నాకు మిక్కిలి సంతోషము కలిగించినది ఇదియే. దీనిలో నా గొప్ప ఏమియు లేదు.

మార్చి 31వ తేదీ వచ్చెను. అప్పటికి పాఠశాలయందు పిలుపులు తప్పుట లేదు. నేను నిలిచితిని. పల్లెలో మాత్రము ఇంటిలోపల ఫోను నేటికిని సరిగా పలుకదు, గడపవద్దకు రావలెను. "ఫోను కూడా గడపకాడికొచ్చి నిలబడి మాట్లాడితేనే మర్యాద" అని అమ్మ నవ్వును. ఆమెకు అంతర్జాలముతో పనిలేదు గనుక మాటలకును సందేశములకును మాత్రమే సరిపడు రీచార్జీ చేయించుచున్నాను. అట్టివి విడిగా ఇయ్యవలెనని ట్రాయ్ వారు 2024వ సంవత్సరము డిసెంబరులో నియమము చేసిరి. ముసలివారున్న యిండ్లవారు ఈ సంగతి గుర్తుంచుకొందురుగాక.

నేను నిలిచితినిగదా యని అందరును నిలువవలెనని నా అభిప్రాయము కాదు. గణితోపాధ్యాయులకు మారుటయే మేలైనది. మా పల్లెవంటి పల్లె వారికి లేదు. మారదలచిన తలిదండ్రులకు నేను నేర్చుకొన్న నాలుగు మాటలు: ప్రస్తుత సంస్థలో తొంబది దినములు నిండియుండవలెను. బిల్లు కట్టు పద్ధతివారు బాకీ తీర్చియుండవలెను. ముందుగా సొమ్ము కట్టినవారికి మిగిలిన నిల్వ క్రొత్త సంస్థకు రాదు. పోర్టు సంకేతము మనవైపు నాలుగు దినములు మాత్రమే చెల్లును. ఆంధ్రప్రదేశము, తెలంగాణ రెండును ఒకే సర్కిలు గనుక, వీనిలోపల మారుటకు సాధారణముగా మూడు పనిదినములు పట్టును. మారునప్పుడు కొన్ని గంటలు ఫోను పలుకకపోవచ్చును. కావున పరీక్షల దినములలోను, ఇంట రోగులున్నప్పుడును ఆ పని పెట్టుకొనవద్దు. ఆ సంకేతమును ఎవరు ఫోనులో అడిగినను చెప్పవద్దు. అన్నిటికంటె ముందు, మారదలచిన సంస్థ సిమ్ము గల మిత్రుని ఒక పూట మీ యింటికి పిలిచి, మీ వంటగదిలో ఆయన ఫోను మ్రోగునో లేదో చూడుడు.

విద్యార్థులారా, మీరు పెద్దవారై ఉద్యోగములు, ఊళ్లు, ఇండ్లు మార్చవలసినప్పుడు ఈ చిన్న కథ మీకు జ్ఞాపకము రావలెనని కోరుచున్నాను. మారుటలో పాపము లేదు, నిలుచుటలో పుణ్యము లేదు. కోపము చెప్పినట్లు చేయక, ఒక నోటుపుస్తకము తీసికొని, ఒకటియో సున్నయో వ్రాసి చూచుకొనుటలో వివేకమున్నది. మీ పేరును, మీ నంబరును నమ్ముకొని ఎక్కడనో మిరపచేలో చీకటిలో నిలిచియున్నవా డొకడుండును. నిర్ణయించునప్పుడు వానినికూడ లెక్కలో చేర్చుకొనుడు.